పైపు కాడకు వంపు

మే 7, బుధవారం

పిట్ట ముట్టలేదు.

మామయ్య పోయి ఇవాళ్టికి పదకొండో రోజు. గోడౌన్ల వెనక ఖాళీ జాగాలో మోదుగాకు విస్తరి పరిచి అన్నం, మటన్ కూర, గారెలు, ఒక సీసాలో కల్లు, ఇంకో సీసాలో మందు, వాటి పక్కన ఆయన పైపు పెట్టి అందరం దూరంగా వెళ్ళి నిలబడ్డాం. వీళ్ళ పద్ధతి ఇది. పోయిన మనిషికి ఏమేం ఇష్టమో అన్నీ పెట్టాలి. పిట్ట అంటే కాకి, అది వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిపోయినట్టు. మా తణుకులోనూ కాకికి పెడతారు గానీ పొగాకు పైపు పెట్టగా నేను చూడలేదు.

పావురాలు వచ్చాయి. ఒక కోడి వచ్చింది. కాకి మాత్రం రాలేదు. చుట్టూ రేకుల గోడౌన్లు, రాత్రీ పగలూ లారీలు, ఒక్క పెద్ద చెట్టు లేదు, కాకి ఎక్కడినుంచి వస్తుంది? అదే మాట ప్రతాప్‌తో మెల్లగా అన్నాను. "నువ్వు జర ఊకో" అన్నాడు. మొగుడు తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నాడు కదా అని ఊరుకున్నాను.

మాడు పగిలే ఎండ. చివరికి సాలమ్మ పెద్దమ్మ విస్తరి దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. ఆవిడ మామయ్యకు అక్క. ఈ ఇంట్లో దేవుడి తర్వాత ఆవిడే, ఒక్కోసారి దేవుడి కంటే ముందు.

"గిదేందిరా ప్రతాపూ? గిది మా తమ్ముని పైపు గాదు. వాని పైపుకు కాడ వంకర ఉంటది. గిది పిల్లనగోవి లెక్కున్నది."

చూస్తే నిజమే. కాడ తిన్నగా సాగిపోయి ఉంది. పోయినవాళ్ళకు పెట్టే వస్తువు ఇంట్లో ఉంచగూడదని చెప్పింది ఈవిడే. అందుకని ప్రతాప్ తీసుకెళ్ళి కారులో, అద్దం ముందు పెట్టాడు. మే నెలలో, మూసిన కారులో, నడి ఎండలో. రబ్బరు కాడ ఉడికిపోయి వంపంతా వదిలేసింది. ఒకరు చెప్పారు, ఒకరు చేశారు, ఇద్దరూ ఇప్పుడు నా మొహం చూస్తున్నారు.

అత్తయ్య ముందుకొచ్చి ఆ కాడ వంక చూసింది. పోయిన చలికాలం డాక్టరు పొగ మానేయాలన్నప్పుడు ఆ పైపు తీసి బియ్యం డబ్బాలో దాచింది ఆవిడే. మామయ్య ఆఖరిదాకా అడుగుతూనే ఉన్నారు.

"ఆయన నోటికాడిది గుంజుకున్న. ఇప్పుడు పెడితే గూడ సక్కగ పెట్టకపోతిమి" అంది. "పిట్ట ముట్టేదాక నేను అన్నం ముట్ట."

గట్టిగా కూడా అనలేదు. ఎవరో ధర అడిగితే చెప్పినట్టు చెప్పింది. ఆవిడకు షుగరు ఉంది, రెండు పూటలా మాత్రలు వేసుకుంటుంది. మళ్ళీ పిట్టకు పెట్టేది నెల మాసికం నాడు, ఇరవై ఆరున. అప్పటిదాకా అన్నం లేకుండా ఈ మనిషి ఎలా ఉంటుందో ఒక్కరూ ఆలోచించలేదు. "లచ్చమ్మ ఒట్టంటె ఒట్టే" అని సాలమ్మ పెద్దమ్మ మెచ్చుకుంది కూడా.

మే 8

ప్రతాప్ కొత్త పైపు తెప్పిస్తానన్నాడు. ఫోన్లో చూపించాడు. బొమ్మలో అచ్చం అలాగే ఉంది. అత్తయ్య ఫోను వంక చూడనైనా చూడలేదు.

"కొత్తదైతే దుకాన్లోనిది అయితది. నీ నాయినది ఎట్లైతది? దాని మీద ఆయన ఎంగిలి ఏది?"

ప్రతాప్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "నేను వంచుతాను అత్తయ్యా" అనేశాను. ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. అయినా జీడిమెట్లలో మాత్రల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నదాన్ని. వేడికి పోయిన వంపు వేడికే వస్తుంది, ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? ఆదివారానికల్లా చేతిలో పెడతాను.

మే 9

అన్నం కాదు కాబట్టి ఒట్టు పోదని జొన్నరొట్టె చేసి పెట్టాను. అత్తయ్య తుంచి వాకిట్లో కుక్కకు వేసింది. నేను చూడలేదనుకుంది.

మే 10, శనివారం

వీడియోలో మనిషి కొవ్వొత్తి మీద కాడను అటూ ఇటూ ఆడించి చిటికెలో వంచి చూపించాడు. నవ్వుతూ కూడా ఉన్నాడు. మా ఇంట్లో కొవ్వొత్తి లేదు, స్టవ్ ఉంది. మంట సన్నం చేసి, పొగాకు కూరే పైపు గిన్నె నుంచి కాడ ఊడదీసి, పట్టకారుతో పట్టుకుని ఆడించాను. మొదట ఏమీ కాలేదు. ఆ తర్వాత అన్నీ ఒక్కసారే అయ్యాయి. కాడ మీద పొక్కు లేచింది, పొగ లేచింది, పట్టకారు జారింది, కిందపడ్డ కాడను తీయబోయి బొటనవేలు కాల్చుకున్నాను. ఇల్లంతా టైరు కాలిన కంపు.

అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అరుస్తుందనుకున్నాను. గట్టిగా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయింది. అప్పుడు తెలిసింది నాకు. టైరు కంపు వెనక ఇంకో వాసన ఉంది. ఏళ్ళ తరబడి కాడ లోపల పట్టిన పొగాకు వాసన, కాస్త తియ్యగా, కాస్త చేదుగా, మామయ్య ఉతికిన చొక్కాలో కూడా ఉండే వాసన.

కిటికీ తీశాను. తర్వాత మూసేశాను. దోమలొస్తాయని.

మే 11, ఆదివారం

ఇవాళ నీళ్ళు. గిన్నెలో నీళ్ళు మరిగించి కాడ అందులో వేశాను. నిన్నటి పొక్కును ముందే గోళ్ళు అరగదీసే ఆకురాయితో రుద్ది చదును చేశాను. కాసేపటికి కాడ మెత్తబడింది. గుడ్డతో పట్టుకుని రెండు చేతులా వంచి చన్నీళ్ళలో ముంచాను. వంగింది. ఎంత అందంగా వంగిందంటే, నిలబడ్డ చోటే ఒంటరిగా నవ్వుకున్నాను.

తుడిచి చూస్తే నల్లటి కాడ బురద రంగులోకి తిరిగింది. సరే, రంగు సంగతి తర్వాత అనుకున్నాను. ప్రతాప్ చేతికిచ్చాను. నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు పొంగాయి గానీ గాలి బయటికి రాలేదు. వంచిన చోట లోపలి బెజ్జం నొక్కుకుపోయింది.

"పొగ రాకుంటె అదేం పైపు నవ్యా? నాయిన ఊకెనే చప్పరించుకుంట కూసుంటడా?"

వీడియోలో నవ్వినవాడు ఈ సంగతి చెప్పలేదు. చెప్పాడేమో, నేను అంతదాకా చూడలేదేమో. చూడలేదు.

అత్తయ్య మధ్యాహ్నం మజ్జిగ తాగింది. అంతే.

మే 12

ఆఫీసులో కృష్ణారావు గారి దగ్గర నోరు జారాను. బహదూర్‌పల్లి కాలనీలో ఉంటారు, తమదీ పశ్చిమ గోదావరే అని నన్ను చెల్లెలి కింద జమకట్టారు. ఒకప్పుడు ఆయనా పైపు కాల్చేవారట. ఇక చూడండి. టీ చల్లారిపోయింది, ఆయన ఆగలేదు.

"లోపల తీగ పెట్టకుండా వంచావా అమ్మా? ఎవరైనా అలా చేస్తారా? దూది చుట్టిన తీగ దూర్చి అప్పుడు వంచాలి. అయినా నీకు భయం లేదులే. ఆ కాడ పుట్టుకతో తిన్ననిది. దాన్ని వేడి చేసి వంచి అమ్ముతారు. మళ్ళీ వేడి తగిలిందంటే చక్కగా మొదటి రూపానికి వెళ్ళిపోతుంది. నువ్వు చేసిన తప్పు దానంతటదే పోతుంది."

మంచిమాటే. మరి నేను చేసిన ఒప్పు కూడా పోతుంది కదండీ అంటే, అదీ నిజమేనన్నారు.

మే 13

పోయింది. బెజ్జం తెరుచుకుంది, వంపు పోయింది. మళ్ళీ పిల్లనగోవి.

తీగ దూర్చి మళ్ళీ వంచాను. చల్లార్చేలోపు పట్టు సడలింది, సగం వెనక్కి వచ్చింది. కుక్కతోక వంకర అని మనుషుల్ని తిడతాం. దీనిది ఆ తోకకు తలకిందులు రోగం. ఎంత వంచినా తిన్నగా నిలబడతానంటుంది. ఈ ఇంట్లో తిన్నగా ఉండాలనుకునేది ఇదొక్కటే కాబోలు.

మే 15

అసలు ఎంత వంచాలి? ఈ ప్రశ్న ముందే వేసుకోవాల్సింది.

ఆల్బంలన్నీ దించాను. మామయ్య ఫోటోలు బోలెడు. పెళ్ళిళ్ళలో, బోనాల్లో, మేడ్చల్ మండలాఫీసు మెట్ల మీద, పాలక్యాన్ల పక్కన. ఒక్కదాంట్లోనూ నోట్లో పైపు లేదు. ఎవరైనా ఫోటో తీస్తానంటే తీసి వెనక చేత్తో దాచుకునేవారట, పెద్దల ముందర కాల్చినట్టుంటుందని. ఫోటోలో పెద్దలెవరుంటారు? కెమెరా పెద్దమనిషా? ఆ పైపు ఇచ్చింది అల్వాల్‌లో ఉండిన ఒక మిలిటరీ ఆఫీసరు. మామయ్య చిన్న వయసులో వాళ్ళింటికి పాలు పోసేవారు, బదిలీ అయి వెళ్తూ ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడు. అప్పటినుంచి మామయ్య పోయేదాకా దాన్ని ఊరందరూ చూశారు, ఒక్కరికీ ఆకారం గుర్తులేదు.

సాలమ్మ పెద్దమ్మను అడిగితే గాల్లో చెయ్యి తిప్పింది. "కొడవలి లెక్క."

ప్రతాప్‌ను అడిగితే వేలు కాస్త వంచాడు. "గింతనే ఉంటుండె. ఎక్కువ ఉండకపోతుండె."

"నీకేం తెలుసురా? నువ్వు ఇంట్ల ఉంటివా ఎప్పుడన్న? ప్లాట్లు ప్లాట్లని షామీర్‌పేట రోడ్డు మీదనే ఉంటివి" అంది పెద్దమ్మ.

ప్రతాప్ లేచి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. కొడవలికీ వేలికీ మధ్యన నేను.

మే 16

పోట్లాట. వాడిగానే అన్నాను. నువ్వు కారులో పెట్టావు, నేను చేతులు కాల్చుకుంటున్నాను, మీ అమ్మ తిండి మానేసింది, నువ్వేమో ఏమీ జరగనట్టు ప్లాట్లు చూపించుకుంటూ తిరుగుతున్నావు అన్నాను.

"అయితె ఏం జెయ్యాలె? ఏడుస్త కూసోవాల్నా? దునియాల ఎవ్వడన్న పిట్ట కోసం గింత పరేషాన్ అయితడా?"

"మీ అమ్మ అవుతోంది."

"అమ్మ ఒట్టు పెట్టుకుంటె నేనేం జేస్త? నాయిన ఉన్నప్పుడు ఆయన మాట, ఆయన పోతె ఆయన పిట్ట మాట. ఇగ నా మాట ఎవ్వరింటరు?"

తండ్రి పోయినప్పటినుంచి ఈ మనిషి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. శ్మశానంలో కూడా అందరికీ నీళ్ళ సీసాలు పంచుతూ తిరిగాడు. అదీ అందామనుకున్నాను. అనలేదు.

మే 17, శనివారం

అత్తయ్య పడిపోయింది. బాత్రూం నుంచి వస్తూ గోడ పట్టుకుని మెల్లగా జారి కూర్చుంది. ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలకలేదు. చక్కెర నీళ్ళు చెంచాతో నోట్లో పోసి, కారులో వేసుకుని మేడ్చల్ ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరు నన్ను తిట్టింది. తిండి లేకుండా షుగరు మాత్రలు ఎలా వేస్తారమ్మా, చదువుకున్నదానివేనా అంది. చదువుకున్నదాన్నే, మాత్రల కంపెనీలోనే పని చేస్తున్నాను, ఈవిడ చేత ఒక ముద్ద తినిపించడం మాత్రం ఏ కాలేజీలోనూ నేర్పలేదు. అందామనుకున్నాను, అనలేదు. తల వంచుకుని విన్నాను. ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కదని కూడా చెప్పింది.

డాక్టరు ముందు అత్తయ్య బుద్ధిగా తల ఊపింది. ఇంటికొచ్చాక కంచం పెడితే గోడవైపు తిరిగి పడుకుంది.

"మీరు తినకపోతే నేనూ తినను" అన్నాను.

"తినకు" అంది.

సాయంత్రం ఆకలికి ఆగలేక వంటింట్లో నిలబడి చద్దన్నం తిన్నాను. ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపే, ఇంకేమీ కాదు.

మాత్ర సగానికి తగ్గించారు. పాలు, పండు అయితే తీసుకుంటానని అత్తయ్య ఒప్పుకుంది. అది కూడా సాలమ్మ పెద్దమ్మ వచ్చి "నువ్వు సస్తె మా తమ్మునికి పిట్టకెవరు పెడ్తరు" అని కసిరాక.

మే 18

మామయ్య మీద నాకు ప్రత్యేకంగా ఏమీ లేదు. కోడల్ని, అంతే. ఇదంతా అత్తయ్య కోసం.

మే 19

ఇసుక లేదా ఉప్పు. మా అమ్మ పల్లీలు ఉప్పులో వేయించేది, ఒక్కటి కూడా మాడేది కాదు. మూకుడులో కళ్ళుప్పు పోసి వేడెక్కించి, తీగ దూర్చిన కాడను అందులో కప్పెట్టాను. మంట తగలదు, నీళ్ళు తగలవు, వేడి అన్ని వైపులా ఒక్కలాగే పడుతుంది. తీసి అప్పడాల కర్ర మీద వంచి, చన్నీళ్ళ గుడ్డ చుట్టి, వంద దాకా లెక్కపెట్టకుండా వదల్లేదు. వదిలితే నిలిచింది. ఊదితే గాలి వచ్చింది.

ఇంత తేలికైన పనికి ఇన్నాళ్ళు పట్టిందని ఎవరికైనా చెబితే నవ్వుతారు. చెప్పను.

పెద్దమ్మకు చూపించాను. "కొడవలికి తక్కువైంది" అంది. ప్రతాప్‌కు చూపించాను. "ఎక్కువైంది" అన్నాడు. ఇద్దరికీ దండం పెట్టి కాడను షెల్ఫ్ మీద పడేశాను.

మే 20

ఇవాళ సెలవు పెట్టాను. ఎందుకో రాయడం అనవసరం, తలనొప్పి అని మెయిల్ పెట్టాను, తలనొప్పి నిజంగానే ఉంది.

పొద్దున్నే మళ్ళీ ఉప్పు వేడెక్కిస్తుంటే అత్తయ్య వంటింట్లోకి వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మంచం దిగి ఇంత దూరం నడవడం ఇదే మొదలు. మూకుడులోకి తొంగిచూసింది.

"ఏంది, ఉప్పు గింత పోసినవ్?"

"కాడకు అత్తయ్యా."

షెల్ఫ్ మీద ఉన్న కాడ చేతిలోకి తీసుకుంది. గిన్నెకు తగిలించి, దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. మొహం చిట్లించింది.

"గిట్ల ఉండకపోతుండె."

"ఎలా ఉండేదో చెప్పండి మరి. మీ ఆడబిడ్డ ఒకటి చెబుతుంది, మీ కొడుకు ఇంకోటి చెబుతాడు. నేను ఎవరి మాట వినను?"

కాస్త గట్టిగానే అన్నాను. ఆవిడ హాల్లోకి వెళ్ళి "ప్రతాపూ" అని పిలిచింది. చెప్పులు వేసుకుని బయల్దేరబోతున్నవాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చి వంటింటి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నోరు తెరువు."

"ఏందమ్మా?"

"నీ దవడ మీ నాయినది. తెరువు."

పైపు అతని నోట్లో, ఎడమపక్కన పెట్టింది. వెనక్కి రెండడుగులు వేసి చూసింది. ముందుకొచ్చి గడ్డం కింద వేలు పెట్టి కొలిచింది. "గిన్నె కిందికి రావాలె. ఆయన కుడి చెయ్యి గిట్ల పట్టుకుంటె బొటనవేలు గడ్డానికి తాకుతుండె. తీస్కపో, ఇంకింత వంచు."

వేడి చేశాను, వంచాను, చల్లార్చాను, తెచ్చాను. నోట్లో పెట్టింది. "ఎక్కువైంది." మళ్ళీ వేడి చేశాను. మొత్తం తిన్నగా అయిపోయింది, మొదటినుంచి వంచాను. "దవడ బిగవట్టకు రా, ఏందది, పండ్ల డాక్టరు తాన కూసున్నట్టు? ఆయన సడిలిచ్చి పెట్టుకుంటుండె, పడిపోతదేమో అన్నట్టు." కొడుకును కసురుతోంది, నన్ను కసురుతోంది, ఉప్పు మాడిపోతోందని కసిరింది, చన్నీళ్ళు చల్లగా లేవని కసిరింది. ఇన్నాళ్ళూ మూసుకుని ఉన్న నోరు తెరుచుకునేసరికి నా ప్రాణం లేచొచ్చింది, అదే సమయంలో విసుక్కుని చచ్చాను. వేళ్ళన్నీ మండుతున్నాయి. ఒకసారి "మీరే వంచుకోండి ఇక" అని గుడ్డ విసిరేశాను కూడా. ఆవిడ గుడ్డ తీసి మళ్ళీ నా చేతిలో పెట్టింది.

ఎన్నోసారో తెలియదు. పైపు ప్రతాప్ నోట్లో పెట్టి, అతని కుడి చెయ్యి తీసి గిన్నె కింద ఆనించింది. బొటనవేలు వెళ్ళి గడ్డానికి తాకింది.

"ఆఁ" అంది అత్తయ్య. "గిదే."

కొడుకునే చూస్తూ నిలబడింది. ప్రతాప్ పైపు నోట్లోంచి తీయలేదు. కాసేపటికి లేచి వెనక బట్టలుతికే బండ దగ్గరికి వెళ్ళి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు. నేను వెళ్ళలేదు. అత్తయ్య వెళ్ళింది.

కొళాయి కట్టేసిన తర్వాత వంటింట్లో కంచం పెట్టాను. అన్నం, పప్పు, నెయ్యి. ఇక తింటుంది అనుకున్నాను. అనుకోవడమేమిటి, ఖాయం అనుకున్నాను.

"పిట్ట ముట్టలే గద బిడ్డా" అంది.

మే 22

పైపు ఎక్కడ ఉంచాలన్నది కొత్త గొడవ. ఇంట్లో వద్దు, కారులో వద్దు. వసారాలో మంచినీళ్ళ కుండ పక్కన, నీడలో, తడిగుడ్డ మీద పెట్టాం. ప్రతాప్ రోజుకు పదిసార్లు వెళ్ళి చూసి వస్తున్నాడు. నేనూ చూస్తున్నాను, వేడి తగులుతుందేమోనని.

బురద రంగు పోవడానికి పళ్ళపొడి వేసి రుద్ది, కొబ్బరినూనె రాశాను. పొక్కు గుర్తు ఉండిపోయింది.

మే 25

ఈసారి మన దగ్గర వద్దు, కాకులున్న చోటికే పోదామని నేనే అన్నాను. షామీర్‌పేట చెరువు కట్ట. ఎవరూ కాదనలేదు. నా మాట ఈ ఇంట్లో ఒక్కసారికి నెగ్గిందంటే నాకే అనుమానంగా ఉంది.

అత్తయ్య జాకెట్టు భుజం మీద నిలవడం లేదు, అంత చిక్కింది. రేపు ముట్టకపోతే ఏమిటన్నది ఎవరమూ మాట్లాడుకోవడం లేదు.

మే 26

వెళ్ళేసరికి కట్ట మీద జనం. పెళ్ళి ఫోటోలు తీసుకునే జంట ఒకటి, పక్కన మొక్కజొన్న కంకులు కాల్చే బండి. మేం కాస్త అవతలికి వెళ్ళి, నీళ్ళ అంచున విస్తరి పరిచాం. అన్నం, మటన్, గారెలు, కల్లు, మందు. పైపులో ఆయన డబ్బాలో మిగిలిన పొగాకు కూరాం. అంటించాల్సింది కొడుకే అంది పెద్దమ్మ. ప్రతాప్ అంటించి రెండు దమ్ములు లాగి దగ్గి దగ్గి, కళ్ళనీళ్ళతో విస్తరి పక్కన పెట్టాడు. పొగ సన్నగా లేచింది. కాడ వంపు ఆరోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది.

కాకులున్నాయి. కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. అరిచాయి, తలలు తిప్పాయి, విస్తరి వంక చూశాయి. ఒక్కటీ దిగలేదు.

నిలబడ్డాం. పైపు ఆరిపోయింది, ప్రతాప్ వెళ్ళి మళ్ళీ అంటించి వచ్చాడు. నిలబడ్డాం. పెద్దమ్మ చీరకొంగు నడుముకు దోపి మొక్కులు మొదలుపెట్టింది. "తమ్మీ, నీకేం గావాల్నో గది జేస్తం. దిగిరా." ప్రతాప్‌ను ముందుకు తోసింది. "చెప్పురా."

"నాయినా, అమ్మను మంచిగ జూస్కుంట. నీ మీద ఒట్టు" అన్నాడు. కాకులు తీగ మీదే ఉన్నాయి.

"బిడ్డా, నువ్వు జెప్పు."

నేనేం చెప్పను? నేను నమ్మను ఇవన్నీ. ముందుకు వెళ్ళాను. విస్తరి దగ్గర నిలబడేసరికి ఒళ్ళు మండిపోయింది.

"మామయ్యా, ఇంకేం కావాలండీ మీకు? నా చేతులు చూడండి. మీ కాడ కోసం ఎన్నిసార్లు కాల్చుకున్నానో. మీ ఆవిడ చావుదాకా వెళ్ళొచ్చింది. మీరు పైన కూర్చుని బెట్టు చేస్తున్నారా? సాయంత్రం వసారాలో కూర్చుని, పొగ నీ దిక్కు వస్తాందా నవ్యా, కుర్చీ జరుపుకో అనేవారు. నేను ఎప్పుడైనా జరిగానా? రావాలనే కూర్చున్నాను కదా రోజూ. ఆఫీసు నుంచి వచ్చి మీ పక్కన కూర్చుంటే తప్ప నాకు ఇంటికొచ్చినట్టు ఉండేది కాదు. ఇప్పుడు ఆ కుర్చీ చూస్తే నాకు ఎక్కడ కూర్చోవాలో తెలియడం లేదు. మీరు లేకపోతే నాకు బాగోలేదు. వచ్చి తినండి, నాకు ఓపిక లేదు ఇక."

ఏడుస్తూనే అరిచాను. ఫోటోల జంట ఇటు తిరిగి చూశారు. కాకులు చూశాయి. ఏదీ దిగలేదు.

అప్పుడు వెనక చప్పుడైంది. అత్తయ్య చాప మీద నుంచి లేచింది. ప్రతాప్ పట్టుకోబోతే చెయ్యి తోసేసి నా దగ్గరికి వచ్చింది. సంచిలోంచి ఇంకో విస్తరి తీసింది. మామయ్య విస్తరికి ఎదురుగా నేల మీద పరిచి, మోకాళ్ళ మీద చెయ్యి వేసి, మెల్లగా కూర్చుంది.

"నాకు వడ్డియ్యి బిడ్డా."

నాకు అర్థం కాలేదు. పెద్దమ్మకు అర్థమైంది.

"లచ్చమ్మా, ఏం జేస్తున్నవ్? పిట్ట ముట్టకముందే తింటవా? ఒట్టు పెట్టుకుంటివి గద."

"పెట్టుకున్న వదినా." అత్తయ్య తల ఎత్తలేదు. "ఈ ఇంటికచ్చిన కాడికెల్లి ఆయన తిన్నంకనే తిన్న. పొలం కాడికెల్లి పొద్దూకి వచ్చినా ఎదురు జూసిన. కోపమొచ్చి తినకుంటె నేను గూడ పస్తున్న. గీ పిల్ల చేతులు కాల్చుకున్నది, కొడుకు ఏడ్చిండు, నేను జేసేది నేను జేసిన. ఇయ్యాల నాకాకలైతాంది. ఇయ్యాల ఆయననే నా కోసం ఎదురు జూస్కుంట కూసోనియ్యి."

గిన్నె మూత తీశాను. తొందరలో అన్నం కాస్త గడ్డి మీద పడింది. మటన్ వేశాను. అత్తయ్య కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. రెండో ముద్దకు కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు, తినడం ఆపలేదు. ప్రతాప్ వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. కూర బాగుంది అంది.

పెద్దమ్మ వెనక నుంచి నా భుజం పట్టుకుని లాగుతోంది. మామయ్య విస్తరివైపు చెయ్యి చూపిస్తూ ఏదో చెబుతోంది. నేను అటు తిరగలేదు. అత్తయ్య విస్తట్లో అన్నం అయిపోతోంది, ఇంకో గరిటె వేశాను.